పదో రోజు చుట్టూ సున్నా

జుబైల్‌లోని మా క్యాంపు గదిలో, నా మంచం పక్క గోడకు, పాత క్యాలెండరు కాగితం ఒకటి వేలాడుతోంది. ఫిబ్రవరి నెలలో ఒక శుక్రవారం చుట్టూ ఎర్ర సిరాతో సున్నా చుట్టి ఉంటుంది. ఆ సున్నా చుట్టింది షమీమ్ సిస్టర్. దమ్మాంలోని ఒక పెద్ద ఆసుపత్రిలో క్యాన్సర్ రోగులకు సూదిమందు ఎక్కించే నర్సు ఆమె. ఆమె గురించి రాయమని ఇక్కడి మన తెలుగు సంఘం వాళ్ళు అడిగినప్పుడు, రాయవలసినవాణ్ణి నేనేనని నాకు తెలుసు. రాయడానికి చెయ్యి రాక మూడు వారాలు ఆగాను.

నా పేరు నర్సింలు. మెట్‌పల్లి పక్క పల్లెవాణ్ణి. మా ఊరి బడిలో ఏడో తరగతి దాకా చదివాను. ఇరవయ్యో ఎక్కం ఇప్పటికీ తప్పు లేకుండా చెబుతాను. ఈ దేశం వచ్చి ముప్పై ఒక్క ఏళ్ళు. తబూక్‌లో ఆలుగడ్డ తోటలకు ఆరేళ్ళు నీళ్ళు పెట్టాను. హఫర్ అల్ బాతిన్‌లో తొమ్మిదేళ్ళు గోడలు లేపాను. మిగిలిన పదహారేళ్ళు జుబైల్‌లోనే. ప్లాంటు ఆపి మరమ్మతు చేసే షట్‌డౌన్ పనులు ఇరవై రెండింటికి ఫోర్‌మ్యాన్‌గా నిలబడ్డాను. నా కింద పనిచేసినవాడు ఒక్కడు కూడా వేలు పోగొట్టుకోలేదు. వేలిముద్ర వేసే నలభై మందికి సంతకం నేర్పాను. ఇక్కడ ఉండడానికిచ్చే ఇఖామా కార్డు ఆఫీసువాడితో అరబ్బీలో నేను మాట్లాడితే పక్కవాళ్ళు పని ఆపి వినేవాళ్ళు. ఇవన్నీ ఎందుకు చెబుతున్నానంటే, ఇంత చేసినవాడికి ఒక మనిషి ఒళ్ళు తాకి చూడాలన్న బుద్ధి ఎందుకు పుట్టలేదన్నది ఈ కథలోనే ఉంది గనుక.

ఆ మనిషి భోజన్న. మా పక్క ఊరివాడు, వెల్డరు. వయసు ముప్పై ఎనిమిది. మాట తక్కువ, పని ఎక్కువ. నన్ను కాకా అంటాడు. జనవరిలో వాడి మెడ మీద కోడిగుడ్డంత గడ్డ లేచింది. హెల్మెట్ పట్టీ ఒరుసుకుందని అనుకున్నాం. కాదని తేలింది. డాక్టరు చెప్పిన పేరు పొడుగ్గా ఉంది. నాకు అందులో క్యాన్సర్ అన్న ఒక్క మాటే తెలిసింది. ఇది మందుకు లొంగే రకమనీ, మూడు వారాలకొకటి చొప్పున ఆరు సూదులు పూర్తయితే బతికే మనిషి అనీ, మధ్యలో తెగితే మాట ఇవ్వలేననీ చెప్పాడు. ఆరు సూదులు పూర్తి కావాలి. మా ఇద్దరికీ అప్పటినుంచి అదే లెక్క.

మొదటి సూది ఒక బుధవారం. వాణ్ణి నేనే తీసుకుపోయాను. కుర్చీలో కూర్చోబెట్టి ఒక సిస్టర్ వాడి చేతిలో నరం వెతుకుతూ, ఇఖామా మీద పేరు చూసి తలెత్తింది.

"భోజన్న... తెలుగోళ్ళేనా?"

మా ప్రాణం లేచి వచ్చింది. షమీమ్‌ది రాయచోటి. వాళ్ళ నాయన దూదేకులాయన. భుజాన విల్లు వేసుకుని పల్లెపల్లెకూ తిరిగి పరుపులు, దిండ్లకు దూది ఏకేవాడు. ఆ దూది దుమ్ములోనే కూర్చుని చదువుకున్నానని, పదో తరగతిలో మండలం ఫస్టు వచ్చానని చెప్పింది. నేనూ మా బడిలో ఫస్టేనని చెప్పాను. కడపలో నర్సింగు చదివి, బెంగుళూరులో ఐదేళ్ళు చేసి, పరీక్ష రాసి ఇక్కడికి వచ్చి పదకొండేళ్ళయిందట. భర్త ఖాదర్ మొహిద్దీన్ దమ్మాంలోనే ఏసీ మెకానిక్కు.

మందు ఎర్రగా, రూహఫ్జా షర్బతులా ఉంది. అది సన్నటి గొట్టంలో దిగుతూ ఉంటే భోజన్న దాన్నే చూస్తున్నాడు.

"అట్ల చూడొద్దన్నా. ఈ పొద్దు, రేపు ఒంటికి పోతే కూడా ఎర్రగానే వస్తాది. రక్తమని భయపడొద్దు, అది మందు రంగు" అంది షమీమ్. స్టూలు లాక్కుని ఎదురుగా కూర్చుని ఒక్కొక్కటే చెప్పింది. పచ్చి కూరలు తినొద్దు. ఒకరి రేజరు వాడొద్దు. మెత్తటి బ్రష్షు, రోజుకు నాలుగుసార్లు ఉప్పునీళ్ళ పుక్కిలింత. అప్పుడు క్యాలెండరు కాగితం తీసి పదో రోజు చుట్టూ ఎర్ర సున్నా చుట్టింది.

"ఇది గుర్తు పెట్టుకో. ఈ మందు గడ్డను ఒక్కదాన్నే కొట్టదు. ఒంట్లో కాపలా ఉండే కణాలను కూడా కొడతాది. ఏడో రోజు మొదులుకొని అవి తగ్గిపోతాయి. పదో రోజుకు కాపలా ఎవురూ ఉండరు. అప్పుడు జొరమొస్తే మామూలు జొరం కాదు. థర్మామీటర్‌లో ముప్పై ఎనిమిది, మన ఊరి లెక్కలో నూరు, దాటితే గంటలో ఆసుపత్రిలో ఉండాల. పానడాల్ జొరం మాత్ర మింగి పండుకున్నావంటే నిద్రలోనే పోతావు. అర్థమయిందా?"

భోజన్న తలూపాడు.

"తలూపొద్దు. నోటితో చెప్పు. నేను చెప్పిందంతా నాకే తిరిగి చెప్పు."

అది ఆమె పద్ధతి. ప్రతి రోగి దగ్గరా అంతే. ఎందుకో తరువాత చెప్పింది. వాళ్ళమ్మకు రొమ్ములో గడ్డ లేచినప్పుడు డాక్టరు అంతా విడమరిచే చెప్పాడట. ఆమె తలూపిందట. ఇంటికొచ్చి వేపాకు, పసుపు నూరి కట్టుకుని ఏడాది కూర్చుందట. "మా అమ్మ తల బాగా ఊపేది" అంది షమీమ్.

భోజన్న నావైపు చూశాడు. మా దిక్కు ఆఫీసరు ముందర పెద్దవాడు ఉండగా చిన్నవాడు నోరు తెరవడు. అది భయం కాదు, మర్యాద. నేను గొంతు సవరించుకుని మొత్తం అప్పజెప్పాను. రేజరు, బ్రష్షు, పుక్కిలింత, ఏడో రోజు, పదో రోజు, ముప్పై ఎనిమిది, గంట. ఒక్క మాట పొల్లుపోలేదు. పక్క కుర్చీలోని ఈజిప్టు రోగి కూడా నావైపు చూశాడు.

"పెద్దాయనా, నీకు సూది ఏయలేదు గదా. ఆయన్ను చెప్పనీ."

"మావోడు మాటకారి గాదు బిడ్డా. నేనున్న గద."

"కాక చెప్పిండు గద సిస్టర్" అన్నాడు భోజన్న. "కాక చెప్తె నేను చెప్పినట్టే."

షమీమ్ నవ్వింది. వెనక ఇంకా నలుగురు కాచుకుని ఉన్నారు. ఫారం మీద టిక్కు పెట్టబోయి పెన్ను కాసేపు గాలిలోనే ఆపింది. తరువాత పెట్టింది. ఒక థర్మామీటరు, అరబ్బీలో ఇంగ్లీషులో రాసిన పసుపు కార్డు ఒకటి ఇచ్చింది. ఏ ఆసుపత్రిలో ఆ కార్డు చూపినా ముందు వరుసలోకి పిలిచి మందు మొదలుపెడతారని చెప్పింది.

క్యాంపుకొచ్చి మేనేజరుతో మాట్లాడి, సామాన్ల గది ఖాళీ చేయించి, భోజన్నకు వేరే మంచం వేయించాను. ఆ పని ఇంకెవరి వల్లా అయ్యేది కాదు. థర్మామీటరునూ కార్డునూ పదిమంది చేతుల్లో పడి పోతాయని నా ఇనప్పెట్టెలో, పాస్‌పోర్టు కాపీల పక్కన పెట్టి తాళం వేశాను. ముప్పై ఒక్క ఏళ్ళలో ఆ పెట్టెలోంచి ఒక్క కాగితం పోలేదు.

నాలుగో రోజుకు గడ్డ మెత్తబడింది. ఆరో రోజుకు సగమైంది. భోజన్న అద్దంలో మెడ తిప్పి తిప్పి చూసుకునేవాడు. వాళ్ళ అమ్మ లస్మవ్వకు వీడియోలో చూపించాడు. "ఆ మందు వెట్టినామె చేతులు సల్లగుండ" అంది ముసలామె. ఏడో రోజు తలగడ మీద వెంట్రుకలు రాలాయి. ఎనిమిదో రోజు నోట్లో పుండ్లు లేచాయి.

అప్పుడు షట్‌డౌన్ నడుస్తోంది. అందరూ తెల్లవారక ముందే బస్సెక్కి పోయేవారు. భోజన్నను చూసుకోవడానికి నేను సెలవు పెట్టాను. రెండు వందల మంది ఉండే క్యాంపులో పగలంతా మేమిద్దరం, వంటవాడు, డ్రైవర్ దిలావర్. కిటికీలోంచి ప్లాంటు గొట్టం కొసన మండే మంట కనిపించేది. షట్‌డౌన్ రోజుల్లో అది పెద్దదవుతుంది. పట్టపగలు కూడా గోడ మీద దాని వెలుగు కదిలేది. ఎన్నో ఏళ్ళు చూసిన మంటే. ఆ వారం మాత్రం దానివైపు చూడబుద్ధి కాలేదు.

గురువారం సాయంత్రం భోజన్న అన్నం ముట్టలేదు. శుక్రవారం పొద్దున మంచం దిగలేదు.

"ఏమైందిరా?"

"లోపల ఒకటే మంట కాకా. పెయ్యంత వేడి. నోట్ల నీళ్ళు పోస్తె సుత మండుతున్నది."

"వేడి చేసింది. గంత బలమైన మందాయె, వేడి చెయ్యదా?"

అంతే. నా నోటినుంచి ఆ మాట వచ్చేసింది. చిన్నప్పటినుంచి మనందరికీ తెలిసిన మాట. మామిడిపండ్లు ఎక్కువ తింటే వేడి చేస్తుంది. ఎండలో నడిస్తే వేడి చేస్తుంది. దానికి మజ్జిగ ఉంది, సబ్జా గింజలు ఉన్నాయి. జ్వరం వేరు, వేడి వేరు. జ్వరానికి భయపడాలి. వేడికి చలువ చెయ్యాలి. మా అమ్మ నాకు నేర్పింది ఇదే, మీ అమ్మ మీకు నేర్పిందీ ఇదే.

వంటగదిలోంచి లబన్, అంటే ఇక్కడి మజ్జిగ, సీసా తెచ్చి ఉప్పు కలిపి తాగించాను. సబ్జా నానబెట్టాను. నుదుటి మీద తడి తువ్వాలు వేశాను. పానడాల్ మాత్రం ఇవ్వలేదు. సిస్టర్ వద్దందని నాకు గుర్తుంది. చెప్పినవన్నీ నాకు గుర్తున్నాయి. పుక్కిలింత చేయించాను, రేజరు దాచాను. గోడ మీద ఎర్ర సున్నా కూడా చూశాను. జ్వరం రాకుండానే ఈ రోజు గడిచిపోతోందని సంతోషపడ్డాను.

పదకొండున్నరకు ఫోను మోగింది. ఆ రోజు షమీమ్‌కు సెలవు. ఇంటినుంచి చేసింది.

"పెద్దాయనా, ఈ పొద్దు పదో రోజు. అన్నకు జొరమేమన్నా వచ్చిందా?"

"జరం లేదు బిడ్డా. జర వేడి చేసింది, గంతే."

"నోట్లో పుండ్లా?"

"అవు. మొన్నటిసంది."

"వేడయితే సబ్జా నానబెట్టి ఇయ్యి. పుక్కిలింత మానొద్దు."

"నానబెట్టిన. నువ్వు చెప్పకముందే నానబెట్టిన."

"నువ్వుండావు కాబట్టి నాకు దిగుల్లేదు" అని నవ్వి పెట్టేసింది. నేను పొంగిపోయాను. ఆ మాట భోజన్నకు కూడా చెప్పాను. వాడు వినలేదు. కళ్ళు సగం మూసి ఉన్నాయి. గోడ మీద మంట వెలుగు కదులుతోంది.

ఇరవై నిమిషాలకు మళ్ళీ ఫోను. ఈసారి గొంతు వేరేగా ఉంది.

"పెద్దాయనా, నేను తప్పు అడిగినా. థర్మామీటర్ పెట్టి చూసినావా?"

"జరం లేదంటున్న గద..."

"ఫోన్ పెట్టొద్దు. చొక్కా ఎత్తి వీపు మీద చెయ్యి పెట్టు."

పెట్టాను. ఎండలో నిలబెట్టిన ఇనప పైపు మీద చెయ్యి వేసినట్టుంది. పదహారేళ్ళు ఇనుముతో పని చేసిన చెయ్యి నాది, అయినా వెనక్కు లాక్కున్నాను.

"కాళ్ళు?"

"సల్లగున్నయి."

"థర్మామీటర్ యాడుంది?"

"నా పెట్టెల."

"పెట్టెలో ఏం చేస్తాంది?"

మొలతాడుకున్న తాళంచెవి విప్పి పెట్టె తెరిచాను. చంకలో పెట్టిన థర్మామీటరు కూసింది. ముప్పై తొమ్మిదిన్నర.

"దమ్మాం రావద్దు, దూరం. జుబైల్‌లోనే దగ్గరుండే ఎమర్జెన్సీకి పొండి. పసుపు కార్డు చేతిలో పట్టుకో. మాటలు చెప్తా నిలబడొద్దు, కార్డు చూపించు. నేను వస్తాండా."

దిలావర్ జుమ్మా నమాజుకు స్నానం చేసి, ఉతికిన సల్వార్ కమీజు వేసుకుని బయటికి వస్తున్నాడు. నా ముఖం చూసి ఆగాడు. నేను నమాజు సంగతి ఎత్తబోయాను. "నమాజ్ బాద్ మే పఢ్ లూంగా చాచా. ఇసే ఉఠావో" అని, నమాజు తరువాత చేసుకుంటానంటూ తానే భోజన్న చంకల కింద చేతులు వేశాడు. జుమ్మా వేళ. దుకాణాలన్నీ మూసి ఉన్నాయి. రోడ్డు మీద మా కారు ఒక్కటే. భోజన్న నా భుజం మీద తల పెట్టి, "కాకా, గా వాల్వు బంద్ చేసిన్రా?" అని అడిగాడు. వాడు షట్‌డౌన్‌లో ఉన్నాననుకుంటున్నాడు. బంద్ చేసినం బిడ్డా అన్నాను. ఇంకోసారి అడిగాడు. మూడోసారి అడగలేదు.

ఎమర్జెన్సీ కిటికీ దగ్గర నోరు తెరవబోయి, మూసుకుని, కార్డు చూపాను. పదిహేను నిమిషాల్లో సూది పడింది. బీపీ చూసిన నర్సు మళ్ళీ చూసింది, ఇంకో ఇద్దరిని పిలిచింది. తెర లాగేశారు.

షమీమ్ గంటంబావుకు వచ్చింది. ఖాదర్ మొహిద్దీన్ కారు ఆపకముందే దిగింది. లోపలికి పోయి, వచ్చి, వరండాలో నా పక్క కుర్చీలో కూర్చుంది.

"ఇంకో రెండు గంటలయింటే అయిపోయిండేవాడు అన్నాడు డాక్టరు" అంది. "ఇప్పుడైనా ఏమీ చెప్పలేమంటాండాడు."

"నాదే తప్పు బిడ్డా."

"నీది నీది. నాది నాది." చేతులు చూసుకుంటూ చెప్పింది. "ఫిలిప్పీనోళ్ళకు ఫోన్ చేస్తే నంబరు అడుగుతా. బెంగాలీ వాళ్ళకూ నంబరే అడుగుతా, ఎంత చూపిచ్చింది అని. నీకు నంబరు అడగలా. వేడి అన్నావు, నాకు మా అమ్మ ఇంట్లో కూర్చున్నట్టే అనిపిచ్చింది. సబ్జా ఇయ్యి అన్నా. పదకొండేళ్ళు క్యాన్సర్ వార్డులో చేసినదాన్ని. సబ్జా ఇయ్యి అన్నా నేను."

ఇరవై నిమిషాల తరువాత ఎందుకు మళ్ళీ చేశావని అడిగాను. ఆమెకూ నోరు ఎండినట్టనిపించి, వంటింట్లో తనకోసం సబ్జా తీయబోయిందట. చేతిలో గింజలు చూసుకుని, నన్ను నంబరు అడగలేదని తట్టి నిలబడిపోయిందట.

పదకొండు రోజులు భోజన్న ఐసీయూలో ఉన్నాడు. నాలుగు రోజులు గొంతులో గొట్టం. లస్మవ్వ రోజూ ఫోను చేసేది. నిద్రపోతున్నాడని చెప్పేవాణ్ణి. నా జన్మలో చెప్పిన అబద్ధాలన్నీ కలిపినా అన్ని కావు. షమీమ్ డ్యూటీ దిగి దమ్మాంనుంచి రెండు రోజులకొకసారి వచ్చేది. అది ఆమె ఆసుపత్రి కాదు, ఆమె పని కాదు.

బయటికి వచ్చాడు. కానీ రెండో సూది రెండు వారాలు వెనకబడింది. ఆ రెండు వారాల్లో మెడ మీద రేగుపండంత మిగిలిన గడ్డ మళ్ళీ నిమ్మకాయంత అయింది. డాక్టరు వేళ్ళతో నొక్కి చూసి, ఏమీ అనకుండా రాసుకున్నాడు. అనకపోవడం నేను చూశాను. భోజన్న కూడా చూశాడు.

రెండో సూది రోజు షమీమ్ చేతిలో కొత్త కాగితం ఉంది. తెలుగులో, చేతిరాతతో. మొదటి వరుస ఇది: "వేడి చేసింది అనిపిస్తే అది జ్వరమే అనుకోవాలి. ముందు థర్మామీటర్. తరువాతే మజ్జిగ." అందులో తెలంగాణ మాటలు నేను చెప్పి రాయించినవి. పెయ్యి, జరం, సలి వెట్టుడు, మొత్తం పదకొండు మాటలు నావి. ఇప్పుడు ఆ వార్డుకు వచ్చే మనవాళ్ళందరికీ ఆ కాగితమే ఇస్తారు. ఇళ్ళల్లో పనిచేసే కడప ఆడవాళ్ళు కూడా అదే చదువుకుంటారు. నలభై మందికి సంతకం నేర్పినదానికన్నా ఇది పెద్దదని నేను అనుకుంటాను. అయితే దానికి ఇచ్చిన వెల నాది కాదు.

ఆ రోజు అంతా చెప్పి షమీమ్ భోజన్నవైపు తిరిగింది. నేను గొంతు సవరించుకున్నాను, అలవాటు.

"పెద్దాయనా, నువ్వు నోరు మూసుకొని కూర్చో. మర్యాదగానే చెప్తాండా."

కూర్చున్నాను. భోజన్న మొదలుపెట్టాడు. గొట్టం పెట్టిన గొంతు ఇంకా బొంగురుగానే ఉంది. పుక్కిలింత దగ్గర ఆగాడు. నా నాలుక కొసకు వచ్చింది. పళ్ళు బిగించాను. షమీమ్ కాచుకుంది. వెనక అయిదుగురు ఉన్నారు, వాళ్ళనూ కాచుకోమంది.

"వేడి చేసిందని అనొద్దు" అన్నాడు భోజన్న చివరికి. "థర్మామీటర్ సంకల వెట్టుకోవాలె. ముప్పై ఎనిమిది జూపిస్తె..."

"చూపిస్తే?"

"కాకను అడగొద్దు. నీకు ఫోన్ చెయ్యాలె."

పక్కనున్న ఫిలిప్పీన్ సిస్టరుకు అర్థం కాకపోయినా, షమీమ్ నవ్వు చూసి నవ్వింది. నేనూ నవ్వాను. షమీమ్ ఈసారి పెన్ను ఆపకుండా టిక్కు పెట్టింది.

మూడో సూదికి పదో రోజు మళ్ళీ శుక్రవారమే. పొద్దున తొమ్మిదికి భోజన్న పక్కకు తిరిగి థర్మామీటరు చూసుకున్నాడు. ఎంతరా అని అడిగాను. చెప్పలేదు. ఫోను తీసి నంబరు నొక్కాడు.

"సిస్టర్, నేను భోజన్నను. ముప్పై ఎనిమిది పాయింటు ఒకటి. కాళ్ళు ఎచ్చగనే ఉన్నయి. కార్డు నా జేబుల ఉన్నది."

నేను దిలావర్‌ను పిలవడానికి లేచాను. ఆ విడత నాలుగు రోజులే ఉంచుకున్నారు, మామూలు వార్డులో.

ఇంకా రెండు సూదులున్నాయి. గడ్డ తగ్గుతోందో, ఆగిందో డాక్టరు ఇప్పటికీ తేల్చి చెప్పడు. స్కాను తీద్దాం అంటాడు. షమీమ్‌ను అడిగితే, తనకు తెలియనిది చెప్పనంటుంది. నాలుగో సూది మొన్న బుధవారం పడింది. గోడ మీద ఈ నెల క్యాలెండరు కాగితంలో వచ్చే శుక్రవారం చుట్టూ ఎర్ర సున్నా ఉంది. ఈసారి దాన్ని చుట్టింది భోజన్న. కొస కొసకు కలవలేదు. కలుపుదామని పెన్ను తీశాను గానీ, వాడు చూస్తున్నాడని మళ్ళీ జేబులో పెట్టుకున్నాను.